సువార్తమ్మ సమాధి పక్కన గొయ్యి

సువార్తమ్మ సమాధి పక్కన గొయ్యిని మొదట చూసింది ఆమె తమ్ముడు దానయ్య. చూసి, ఎవరికీ చెప్పకుండా పూడ్చేసిందీ అతనే.

మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. దర్శికి తూర్పున, వాగు గట్టున ఉన్న చిన్న ఊరు వాళ్ళది. దానయ్య కౌలుకు తీసుకుని మిరప వేసిన చేనుకీ, సమాధుల దొడ్డికీ మధ్య ఒక్క బండిబాటే అడ్డం. కల్లంలో ఎండుకాయలకు కాపలా పడుకుని, తెల్లవారగానే పైన కప్పిన పట్టాలు తీసి కాయలు తిరగబోసి, ఇంటికి పోయేముందు అక్క దగ్గర కాసేపు నిలబడి పోవడం అలవాటు చేసుకున్నాడు. వాళ్ళమ్మ పోయేనాటికి దానయ్య ఇంకా పాలు మానని పిల్లాడు. సువార్తమ్మే చంకనేసుకుని పెంచింది. పెళ్ళయ్యాక కూడా పక్క వీధి దాటి పోలేదు. తన కడుపున మార్క్ పుట్టాక కూడా తమ్ముడికి ముద్ద పెట్టకుండా తాను తిన్నది లేదు. అలాంటి మనిషి కొత్త సంవత్సరం ఆరాధనకని తెల్లచీర ఉతికి పెట్టుకుని, అది కట్టకుండానే గుండె ఆగి పోయింది. సమాధికి సిమెంటు చేయించాలంటే మట్టి దిగాలని ఆగారు. ప్రస్తుతానికి అక్కడున్నది మట్టిదిబ్బ, చెక్క సిలువ, దాని మెడలో ఎండకు వెలిసిన ప్లాస్టిక్ పూలదండ.

ఆ పొద్దున దిబ్బకు ఎడమవైపు గొయ్యి కనిపించింది. కుక్కలు తవ్వితే మట్టి చిందరవందరగా పడుతుంది. ఇది అట్లా లేదు. గుండ్రంగా, ఏటవాలుగా, గునపంతో పొడిచి చేత్తో తోడినట్టు లోపలికి దిగింది. దానయ్య బోర్లా పడుకుని చెయ్యి పెట్టాడు. భుజం దాకా పోయింది గానీ అడుగు తగల్లేదు. తోడిపోసిన మట్టి మీద గుర్తులున్నాయి. చంటిపిల్ల అరచెయ్యి అద్దినట్టు వెడల్పాటి గుర్తులు, వాటి ముందు పొడుగ్గా గీతలు. అలాంటి అడుగు ఏ జంతువుదో అతనికి తెలియదు. తెలియని దాన్ని చూసినప్పుడు మనిషి బుర్ర ముందు మనిషి మీదికే పోతుంది. వేళ్ళకు ఏదో తొడుక్కుని ఎవరో తోడారనుకున్నాడు.

అలా అనుకోవడానికి అతనికో కారణం ఉంది. సువార్తమ్మ పోయింది అమావాస్యనాడు. అమావాస్యనాడు పోయిన ఆడమనిషి ఎముక కోసం మంత్రగాళ్ళు కాచుకుని ఉంటారని ఊళ్ళో కబుర్లున్నాయి. సమాధి చేసిన రోజునే ఇద్దరు ముసలమ్మలు ఆ మాట గుసగుసలాడుకోవడం దానయ్య చెవిన పడింది. దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళకు అవన్నీ ఏంటని అప్పుడు కసురుకున్నాడు. ఇప్పుడు ఆ గొయ్యి ముందు కూర్చుంటే ఆ గుసగుసే చెవిలో మోగింది. ఈ సంగతి బయటపడితే ఊరు పదిరకాలుగా చెప్పుకుంటుంది. మార్క్ తల్లి మీద ప్రాణం పెట్టుకున్నవాడు. వాడికి తెలిస్తే ఎవరినో ఒకరిని పొడిచి జైలుకి పోతాడు. అందుకే మట్టి తోసి, కాలితో తొక్కి, పైన చిల్లకంప నరికి కప్పి ఇంటికి పోయాడు. భార్య రూతమ్మ చేతికి ఆ ముళ్ళ గీతలేంటని అడిగితే చేనుకు కంప కడుతున్నానన్నాడు.

రెండ్రోజులు పోయాక మళ్ళీ అదే. కంప పక్కకు లాగేసి ఉంది. ముళ్ళంటే లెక్కలేని చెయ్యి లాగినట్టుంది. గొయ్యి మళ్ళీ తెరుచుకుంది. సిలువ మెడలో పూలదండ తెగిపోయి, సగం కనిపించడం లేదు. ఈసారి దానయ్య పూడ్చే ముందు చుట్టూ వెతికాడు. కంప కింద మట్టిలో ఒక ముక్క దొరికింది. పసుప్పచ్చగా, గళ్ళు గళ్ళుగా, నలిగిపోయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తేనె వాసన వేసింది.

తేనెమైనం. ఆ చుట్టుపక్కల తేనెమైనం ఉన్నది ఒక్కడి దగ్గరే.

ఆ ఒక్కడి పేరు అబ్దుల్లా. దర్శి మనిషి. వాళ్ళ నాన్న దూదేకి, ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. పరుపులు దుకాణాల్లో రెడీమేడ్‌గా దొరకడం మొదలయ్యాక ఆ పని పడిపోయింది. అబ్దుల్లా ఎక్కడో శిక్షణ తీసుకుని తేనెపెట్టెలు పట్టుకున్నాడు. పొద్దుతిరుగుడు పూత ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు వేసుకుని పోతాడు. ఈ ఏడు సమాధుల దొడ్డి వెనక పొద్దుతిరుగుడు చేలు బాగా పూశాయని, ఆ గట్టున పెట్టెలు వరసగా పెట్టి, పక్కన ఒక టార్పాలిన్ గుడారం వేసుకున్నాడు. వచ్చిన రోజున దానయ్య కల్లానికి వచ్చి, "ఈగలు మీ కూలోళ్ళ జోలికి రావన్నా, వాటి దారిన అవి పోతాయి," అని చెప్పి ఒక సీసాడు తేనె ఇచ్చిపోయాడు. అప్పుడు అది మంచితనంగా కనిపించింది.

ఇప్పుడు దానయ్య ఆ సీసా గురించి వేరేగా ఆలోచించాడు. ముక్కూమొహం తెలియనివాడు ఊరికే ఎందుకిస్తాడు? వాగు కింద చింతతోపులో చల్లటి నీడ ఉండగా, పోయి పోయి సమాధుల పక్కన గుడారం ఎవడేస్తాడు? పొద్దున్నే తెల్లటి వలముసుగు వేసుకుని, చేతిలో పొగడబ్బా పట్టుకుని, పొగలో అటూ ఇటూ తిరుగుతాడు. ఏదో గొణుక్కుంటూ ఉంటాడు. ఈగలతో మాట్లాడతానని చెప్పాడొకసారి. నవ్వులాటకు అన్నాడనుకున్నాం గానీ, అని దానయ్య తనలో తను అనుకున్నాడు. ఒకసారి అనుమానం లోపలికొచ్చాక ఆ మనిషి చేసిన ప్రతిదీ దానికి తగ్గట్టే అమిరిపోయింది.

అదే రోజు మధ్యాహ్నం అబ్దుల్లానే కల్లానికి వచ్చాడు. కూలోళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. అతను వాళ్ళకు దూరంగా నిలబడి, దానయ్యను పక్కకు పిలిచి, ఈ బాటన పొద్దుగూకాక ఎవరైనా తిరుగుతున్నారా అని అడిగాడు. ఎందుకని దానయ్య అడిగితే ఊరికేనన్నాడు. ఊరికే అంటూనే అతని కళ్ళు కల్లం మూల ఆనించి ఉన్న గునపం మీద నిలిచాయి. మీవాళ్ళలో ఎవరినైనా ఈగలు కుట్టాయా, ఎవరికైనా నా మీద కోపముందా అని కూడా అడిగాడు. దానయ్య లేదన్నాడు. అబ్దుల్లా తలూపి వెళ్ళిపోయాడు గానీ, పోతూ పోతూ వెనక్కి తిరిగి మళ్ళీ గునపాన్నే చూశాడు.

దొంగే ఎదురొచ్చి దారి అడిగినట్టుందని దానయ్యకు ఒళ్ళు మండింది. తనకేం తెలుసో కూపీ లాగడానికి వచ్చాడని రూఢి చేసుకున్నాడు. ఆ సాయంత్రం హోటల్లో టీ తాగుతూ, పక్కనున్నవాళ్ళు తేనె రేటు గురించి ఏదో మాట్లాడుకుంటుంటే, ఉండబట్టలేక ఒక మాట జారాడు. "ఆ తేనెపెట్టెలాయన సమాధుల్లో ఏం చేస్తన్నాడో ముందు కనుక్కోండి." అంతే అన్నాడు. ఏం చేస్తున్నాడని వాళ్ళు గుచ్చి గుచ్చి అడిగినా చెప్పకుండా లేచొచ్చాడు. చెప్పకపోవడంతో ఆ మాటకు ఇంకా బలం వచ్చిందని అతనికి అప్పుడు తట్టలేదు.

ఇంటికొచ్చి రూతమ్మకు మాత్రం అంతా చెప్పాడు. తువ్వాలు కొసన కట్టుకున్న మైనం ముక్క విప్పి చూపించాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు దానికేసి చూసి, ఈ సంగతి మార్క్‌కు చెప్పాలంది. వాడు కొడుకు, వాడి తల్లి సమాధి, నువ్వు దాచడం తప్పని అంది. కళ్ళారా పట్టుకున్నాక చెబుతానన్నాడు దానయ్య.

మర్నాడు పొద్దువాలే వేళకు చేతికర్ర తీసుకుని సమాధుల దొడ్డికి పోయాడు. దొడ్డి పక్కన పీకి పేర్చిన పత్తికట్టెల కుప్ప ఉంది. దాని చాటున కూర్చుంటే ఒకపక్క అక్క సమాధి, ఇంకోపక్క తేనెపెట్టెలు కనిపిస్తాయి. పొద్దుతిరుగుడు పూలన్నీ తలలు వాల్చి ఉన్నాయి. కొంగలు వాగు మీదుగా ఇళ్ళకు పోతున్నాయి. దానయ్య కూర్చోబోతుండగా కుప్పకు అవతలివైపు కట్టెలు చిటుక్కుమన్నాయి. కర్ర ఎత్తి చుట్టూ తిరిగాడు. అక్కడ అబ్దుల్లా గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతని చేతిలోనూ కర్ర ఉంది.

"దొరికావు," అన్నాడు దానయ్య.

"ఎవరు దొరికిందన్నా? నీకోసమే కూర్చున్నా నేను," అన్నాడు అబ్దుల్లా లేచి. "పెట్టెలు పెట్టొద్దంటే మొహం మీదే చెప్పాల్సింది. తీసుకుని పోయేవాణ్ణి. పిల్లల్లా సాక్కున్న పెట్టెలు, పగలగొట్టి, పట్టులన్నీ పిసికి పారేసి, ఏం వచ్చింది నీకు?"

పెట్టెలేంటి, పగలగొట్టడమేంటని దానయ్య గద్దించాడు. అబ్దుల్లా జేబులోంచి ఒకటి తీసి అతని మీదికి విసిరాడు. అది వెలిసిపోయిన ప్లాస్టిక్ పువ్వు. ఇంకా దారం దాన్ని వదల్లేదు.

"పగిలిన పెట్టెలో దొరికింది. ఇది ఎవరి దండలోదో ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. నీ అక్క సమాధి మీది పువ్వు నా పెట్టెలోకి ఎట్టా వచ్చింది?"

దానయ్య తువ్వాలు కొస విప్పి మైనం ముక్క చూపించాడు. "మరి ఇది మా అక్క గోతిలోకి ఎట్టా వచ్చింది?"

అబ్దుల్లా ఆ ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తన పెట్టెలోదేనని ఒప్పుకున్నాడు. కానీ ఏ గొయ్యి అని అడిగాడు. దానయ్య చెప్పాడు. ఆ సంగతి వింటుంటే అబ్దుల్లా మొహంలో కోపం దిగిపోయి భయం ఎక్కింది. అతను నటిస్తున్నాడా, నిజంగానే ఇప్పుడే వింటున్నాడా అని దానయ్య కళ్ళు చిన్నవి చేసి చూశాడు. తేల్చుకోలేకపోయాడు. అబ్దుల్లా కూడా అతన్ని అట్లాగే చూస్తున్నాడు.

అంతలో పెట్టెల వైపు నుంచి దబ్బుమని చప్పుడైంది.

ఇద్దరూ అటు తిరిగారు. చివరి పెట్టె బోర్లా పడి ఉంది. దాని మీద ఏదో ఎక్కి మూత పీకుతోంది. వెలుతురు ఇంకా ఉంది. మూరన్నర పొడుగుండే జంతువు. పొట్టి కాళ్ళు, బలిసిన మెడ. నెత్తి నుంచి తోక దాకా ఎవరో దుప్పటి కప్పినట్టు వీపంతా బూడిద కలిసిన తెలుపు, ఆ కిందంతా బొగ్గు నలుపు. ముంగాళ్ళకు కొడవలి ముక్కల్లాంటి గోళ్ళు. ఈగలు రయ్యిమని లేచి దాని మొహమంతా కమ్ముకున్నాయి. అది తల కూడా విదిలించలేదు. చెక్కను పెళ్ళున చీల్చి, పట్టు ఒకటి లాగి, ఈగపిల్లలతో సహా నమలడం మొదలుపెట్టింది.

అబ్దుల్లా ఉండబట్టలేక అరుస్తూ ముందుకు పోయాడు. దానయ్య అతని వెనకే పోయాడు. మామూలుగా అయితే ఏ జంతువైనా రెండు కర్రల్ని చూసి పారిపోతుంది. ఇది పారిపోలేదు. పెట్టె దిగి, వాళ్ళ వైపే నాలుగడుగులు వేసింది. పళ్ళు బయటపెట్టి గరగరమని గొంతులోంచి తీసిన ఆ చప్పుడు, ఆయిల్ ఇంజను స్టార్టు కాక మొరాయించినట్టుంది. ముక్కులు పగిలే కంపు ఒకటి గుప్పుమంది. ఇద్దరూ ఆగిపోయారు, ఆపైన వెనక్కి నడిచారు. అది వాళ్ళను కాసేపు చూసి, వీళ్ళతో పనేముందన్నట్టు తిరిగి, పట్టు ముక్క నోట కరుచుకుని దొడ్డిలోకి పోయింది. తిన్నగా సువార్తమ్మ దిబ్బ దగ్గరకే పోయింది. ముక్క కింద పెట్టి, మట్టి వాసన చూసి, ముంగాళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది. మట్టి వెనక్కి పిచికారీ కొట్టినట్టు లేచింది.

దానయ్యకు అప్పుడు భయం పోయింది. రాళ్ళు తీసుకుని విసురుతూ, ఏడుస్తూ, తిడుతూ మీదికి పరిగెత్తాడు. రాయి వీపుకు తగిలింది కూడా. అది బద్ధకంగా గొయ్యిలోంచి బయటికొచ్చి, పరుగూ నడకా కాని ఒక కుదుపునడకతో వాగులోకి దిగిపోయింది.

అబ్దుల్లా వచ్చి దానయ్య భుజం పట్టుకున్నాడు. ఆ జంతువు పేరేంటో ఇద్దరికీ తెలియదు. ముంగిస కాదు, అడవిపంది పిల్ల కాదు, ఎలుగ్గొడ్డు అంతకన్నా కాదు. దానయ్య పుట్టి పెరిగిన నేలలో అతను ఎన్నడూ చూడనిది, ఎవరూ చెప్పగా విననిది.

వాళ్ళిద్దరూ ఊపిరి తీసుకునేలోపే బండిబాట మీద ట్రాక్టరు లైట్లు కనిపించాయి.

దానయ్య హోటల్లో జారిన మాట ఊరంతా తిరిగి, పెరిగి, ఆ సాయంత్రానికి మార్క్ ఇంటికి చేరింది. వాడు నేరుగా రూతమ్మ దగ్గరకొచ్చి నిలదీశాడు. మొగుడు కర్ర తీసుకుని పోయాడన్న భయంతో ఉన్న ఆమె, గొయ్యి సంగతీ మైనం సంగతీ చెప్పేసింది. మార్క్ సంఘంలోని కుర్రాళ్ళను కొందరిని ట్రాక్టరెక్కించుకుని, డీజిల్ డబ్బా పట్టుకుని వచ్చాడు. దిగడం దిగడమే తల్లి సమాధి దగ్గరకు పోయి తాజా గొయ్యిని చూశాడు. అక్కడే మట్టిలో పడున్న తేనెపట్టు ముక్కనూ చూశాడు. ఇంకేం మాట్లాడకుండా పెట్టెల వైపు నడిచాడు.

దానయ్య అడ్డం పోయి నిలబడ్డాడు. ఇది మనిషి చేసిన పని కాదన్నాడు. ఇప్పుడే ఇద్దరం చూశామన్నాడు. తెల్లటి వీపు, నల్లటి పొట్ట అని చెబుతుంటే, అది తనకే కట్టుకథలా వినిపించింది. పేరేంటని ఎవరో అడిగారు. పేరు తెలియదన్నాడు. వెనకున్నవాళ్ళలో ఒకరు నవ్వారు.

మార్క్ మాత్రం నవ్వలేదు. మేనమామ కళ్ళలోకి చూస్తూ, "నీకెంత ఇచ్చాడు మామయ్యా?" అన్నాడు.

చెంప మీద కొట్టినా దానయ్య అంత తూలేవాడు కాదు. ఇందాకటిదాకా తను అబ్దుల్లాను చూసిన చూపే ఇప్పుడు మార్క్ కళ్ళలో ఉంది. అందరికీ వినపడేలా చెప్పాడు.

"పొద్దున్నే సమాధి విప్పుదాం. పాస్టరుగారి ముందు విప్పుదాం. మా అక్క శవపెట్టె మీద మనిషి చెయ్యి పడినట్టు కనపడితే, ఈ తేనెపెట్టెలకు నా చేత్తో నేనే అగ్గిపెడతా. అప్పటిదాకా ఎవడైనా ముట్టుకుంటే నన్ను దాటి పోవాలి."

మార్క్ డబ్బా కింద పెట్టాడు గానీ, ఒకర్ని కాపలా ఉంచి పోవాలన్నాడు. దానయ్య తానే ఉంటానన్నాడు. నిన్ను నమ్మేదెట్టా అని మార్క్ అనలేదు. ట్రాక్టరు తిప్పుకుని పోయారు.

ఆ రాత్రి కల్లంలోంచి కాపలా కాస్తున్న దానయ్యకు తెల్లవారుజాము దాకా కునుకు పట్టలేదు. పెద్ద మాటైతే అనేశాడు గానీ, ఆ మట్టి కింద ఏం కనపడుతుందో అతనికి మాత్రం ఏం తెలుసు? అది శవపెట్టెను చీల్చి ఉంటే? అక్కను ఆ స్థితిలో మార్క్ చూస్తే? ఇంకో ఆలోచన కూడా వచ్చి పోయింది. ఆ జంతువు ఎక్కడిది? ఇన్నేళ్ళుగా లేనిది అబ్దుల్లా వచ్చాకే ఎందుకొచ్చింది? అతనే తెచ్చాడేమో, సాకుతున్నాడేమో. ఛీ, నా బుద్ధి, అని పక్కకు తిరిగి పడుకున్నాడు. ఆ ఆలోచన మాత్రం పోలేదు.

వెలుగొస్తూనే గుడారం దగ్గరకు పోయాడు. గుడారం ఖాళీ. అబ్దుల్లా మోటారుబండి లేదు. ఊరివాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. అబ్దుల్లా పారిపోయాడన్న మాట అతని కళ్ళముందే పుట్టి, ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పాకింది. పాస్టరుగారు వచ్చారు. మార్క్ పలుగు, పార తెచ్చాడు. దానయ్య వైపు చూడను కూడా చూడలేదు.

ప్రార్థన సగంలో ఉండగా బాట మీద బండి చప్పుడైంది. అబ్దుల్లా వెనక ఒక ఫారెస్టు జీపు వచ్చింది. అందులోంచి ఖాకీ డ్రెస్సులో ఒక అమ్మాయి దిగింది. పేరు తేజశ్రీ, సెక్షన్ ఆఫీసరు. అబ్దుల్లా తెల్లవారకముందే దర్శి పోయి, ఆమె ఉండే ఇల్లు కనుక్కుని, తలుపు కొట్టి పిలుచుకొచ్చాడు. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా ముందు గొయ్యి దగ్గర కూర్చుని గుర్తులు చూసింది, ఫోనులో ఫోటోలు తీసుకుంది. సమాధి విప్పే సంగతి తనకు సంబంధించింది కాదని, అది మీ కుటుంబం, మీ సంఘం చూసుకోవాలని చెప్పి లేచి దూరంగా నిలబడింది.

మార్క్ తవ్వాడు. కాసేపటికి పార దానయ్య అందుకున్నాడు. ఆ గొయ్యి ఎటు పోయిందో దాని వెంబడే దిగారు. అది ఏటవాలుగా కొంత దూరం దిగి, పక్కకు తిరిగి, పాత చిల్లచెట్టు వేళ్ళ కిందికి పోయింది. అక్కడ పంది కొక్కుల కలుగు ఉంది. కలుగు నిండా చీల్చిన గడ్డి, బొచ్చు, కొరికిపారేసిన తోకలు. శవపెట్టె దానికి అడుగు కింద ఉంది. మార్క్ చేతులతో మట్టి తుడిచాడు. చెక్క మీద వేసిన తెల్లరంగు అట్లాగే ఉంది. మూత మీద పేరు చెరగలేదు. దాని మీద ఒక్క గీత లేదు.

మార్క్ గోతిలోనే మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మూత మీద తల పెట్టుకుని ఏడ్చాడు. తల్లి పోయిన రోజున కూడా వాడు అట్లా ఏడవలేదని రూతమ్మ తర్వాత చెప్పుకుంది. దానయ్య గట్టు మీద నిలబడి, కిందికి దిగాలా వద్దా తేల్చుకోలేక, చివరికి దిగకుండానే ఉండిపోయాడు.

కొక్కుల కోసమే తవ్విందని తేజశ్రీ చెప్పింది. కొత్తగా తోడిన మట్టి మెత్తగా ఉంటుంది కాబట్టి కొక్కులు చేరతాయి, కొక్కుల వాసనకు ఇది వస్తుంది. దండ దారం దాని గోళ్ళకు చిక్కి పువ్వు పెట్టె దాకా పోయి ఉంటుంది. తేనె అంటే దానికి ప్రాణం, ఇంగ్లీషులో హనీ బ్యాడ్జర్ అంటారని, కొండల వైపు ఉండేదని, ఈ మైదానంలోకి ఎప్పుడు దిగిందో తనకూ తెలియదని చెప్పింది. శవాల్ని కూడా తింటుందా అని దానయ్య అందరి ముందే అడిగాడు. నిజం చెప్పమ్మా అన్నాడు. జనం చెప్పుకుంటారు గానీ తను చూడలేదని, తెలియనిదాన్ని తెలుసని చెప్పలేనని ఆమె అంది. ఆ మాటకే దానయ్య ఆమెను నమ్మాడు.

పోతూ ఆమె చెట్టుకు ఒక కెమెరా కట్టించి పోయింది. దాన్ని చంపినా, ఉచ్చు వేసినా కేసవుతుందని చెప్పింది. కొన్నాళ్ళకు కెమెరాలో బొమ్మ పడింది. తెల్లటి వీపుతో, కెమెరా వైపే చూస్తూ, నోరు తెరిచి. ఆ ఫోటో ఊళ్ళో ప్రతి ఫోనులోకీ పోయింది. చాలామంది ఔరా అనుకున్నారు. హోటల్ దగ్గర కొందరు మాత్రం ఈ రోజుల్లో ఫోన్లలో ఎట్లాంటి బొమ్మైనా తయారుచేస్తారని, ఆ ఫారెస్టు అమ్మాయిని తెచ్చింది మాత్రం ఎవరని అన్నారు. మార్క్ ఆ మాటలకు ఔననలేదు, కాదనలేదు. నాపరాళ్ళు తెప్పించి సమాధి చుట్టూ లోతుగా పాతించాడు. దానయ్య పోయి ఒక చెయ్యి వేశాడు. ఇద్దరూ పక్కపక్కనే రాళ్ళు నిలబెట్టారు గానీ, ఆ సాయంత్రం పెట్టెల దగ్గర మార్క్ అన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. వాడు సారీ చెబుతాడేమోనని దానయ్య చాలారోజులు చూశాడు. తర్వాత చూడటం మానేశాడు. వాడికి అనుమానం నేర్పింది తానేనని అతనికి తెలుసు.

పొద్దుతిరుగుడు పూత అయిపోయింది. అబ్దుల్లా పెట్టెలు ఎత్తుకునే రోజు వచ్చింది. పొదిలి వైపు ఒక ఊళ్ళో నువ్వు చేలు పూతకొస్తున్నాయి, అక్కడ యలమందయ్య అనే రైతు గట్టు మీద పెట్టుకోనిస్తానన్నాడు. ముందురోజు ఫోను చేసి ఆ రైతు వద్దన్నాడు. కారణం చెప్పలేదు. అబ్దుల్లా ఆ సంగతి దానయ్యకు చెప్పి, ఇంకెక్కడైనా చూసుకుంటాలే అన్నాడు. దానయ్య ఇంటికి పోయి చొక్కా మార్చుకుని వచ్చాడు. ఇద్దరూ బండి మీద పొదిలి దారి పట్టారు.

యలమందయ్య పెద్దమనిషి. ఇంటి ముందు మంచం వాల్చి కూర్చోమన్నాడు, మంచినీళ్ళిప్పించాడు. అబ్దుల్లా వైపు మాత్రం చూడలేదు. మొహమాటంగా, దానయ్యతోనే అన్నాడు.

"మావాళ్ళు ఏదేదో అంటన్నారయ్యా. ఆయన మీ ఊళ్ళో సమాధులు తవ్వాడంట కదా."

"ఆ మాట ముందు అన్నది నేనేనండి," అన్నాడు దానయ్య. "తవ్వింది మా అక్క సమాధి. తవ్వింది ఈయన కాదు. అనింది నేను కాబట్టి, కాదని చెప్పడానికీ నేనే వచ్చా."

యలమందయ్య అతనికేసి ఎగాదిగా చూశాడు. అలా చూసే చూపు ఎట్లాంటిదో దానయ్యకు బాగా తెలుసు. ఈ మనిషి ఎందుకింత దూరం వచ్చాడు, ఇందులో ఇతనికేం లాభం అని తూకం వేసే చూపు. దానయ్య కళ్ళు దించుకోకుండా కూర్చున్నాడు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పాలని, ఎన్ని ఊళ్ళయితే అన్ని ఊళ్ళు పోవాలని వచ్చేటప్పుడే అనుకున్నాడు. అడిగినవన్నీ చెప్పాడు. గొయ్యి, మైనం, పువ్వు, తెల్లవీపు జంతువు, తన అనుమానం, అన్నీ చెప్పాడు. ఫోనులో ఫోటో చూపించాడు.

యలమందయ్య ఫోటోను దగ్గరగా పట్టుకుని, దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. నమ్మాడో లేదో మొహం చూస్తే తెలియలేదు. ఫోను తిరిగి ఇస్తూ మొదటిసారి అబ్దుల్లా వైపు తిరిగాడు.

"బావి పక్కన పెట్టుకో. పెట్టెల కింద ఎత్తుగా ఏదైనా ఇనపది వేసుకో," అన్నాడు. "నేనూ రోజూ వచ్చి చూస్తంటా."

అబ్దుల్లా సరేనన్నాడు. ఇద్దరూ లేచి, పెట్టెలు దించే చోటు చూడటానికి యలమందయ్య వెనక నువ్వు చేలోకి నడిచారు.